సరిహద్దు నదులు – 7: రెండు నైసెలు, ఒక గీత

పోలండ్ తూర్పు సరిహద్దు బగ్ నది దగ్గర ఎలా కుదిరిందో గత భాగంలో చూశాం. తూర్పు గీత పడమటికి జరిగాక, ఆ దేశపు పడమటి గీత కూడా జరగక తప్పలేదు. ఆ రెండో గీత వెళ్ళి ఆగిన చోటు నైసె నది. చెక్ దేశపు ఉత్తర కొసన యిజెరా కొండల్లో, సముద్రమట్టానికి 600 మీటర్లకు పైన, నోవా వెస్ అనే ఊరి దగ్గర ఇది పుడుతుంది. యాబ్లొనెట్స్, లిబెరెట్స్ పట్టణాల గుండా యాభై పైచిలుకు కిలోమీటర్లు నడిచి, చెక్, జర్మనీ, పోలండ్ దేశాలు మూడూ కలిసే జిటావ్ పరిసరాలకు చేరుతుంది. అక్కడి నుంచి ఉత్తర ముఖంగా గోర్లిట్స్, ముస్కావ్, ఫోర్స్ట్, గూబెన్ ఊళ్ళను ఒరుసుకుంటూ మరో 200 కిలోమీటర్ల దాకా పారి, రాట్స్‌డోర్ఫ్ అనే పల్లె దగ్గర ఓడర్‌లో కలిసిపోతుంది. మొత్తం పొడవు దాదాపు 250 కిలోమీటర్లు, రమారమి మన వంశధార అంత. గూబెన్ దగ్గర దీని సగటు ప్రవాహం సెకనుకు 30 ఘనపు మీటర్లు, అంటే సుమారు వెయ్యి క్యూసెక్కులు. మన డెల్టాల్లోని ప్రధాన కాలువలు కూడా సాగు రోజుల్లో ఇంతకంటే ఎక్కువ నీరు మోస్తాయి. సరుకు పడవలు తిరిగే నది కాదు. ఇంత చిన్న నది 1945 ఆగస్టులో ఒక దేశానికి పడమటి అంచు అయింది.

నదుల్ని సహజ సరిహద్దులు అనడం మనకు అలవాటైపోయింది. కొండ, నది, సముద్రం కనిపిస్తే అక్కడ రెండు జాతులు విడిపోవడం ప్రకృతే చేసిన ఏర్పాటు అన్నట్టు పాఠ్యపుస్తకాలు రాస్తాయి. నైసె విషయంలో ఆ మాట నిలవదని ఈ భాగంలో నా వాదన. ఈ నది ఎవరినీ విడదీయలేదు. 1945కు ముందు వందల ఏళ్ళ పాటు అది ఒక లోయకు నడుమ పారిన నీరు మాత్రమే. దాన్ని సరిహద్దు చేసింది సైన్యాలు, ఆ వెనక బేరాలు, ఆ పైన సంతకాలు. సరిహద్దు అయ్యాక మాత్రమే దానికి సహజమైన సరిహద్దు అనే పేరు వచ్చింది. ఇది మాటల పట్టింపు కాదు. సరిహద్దును ప్రకృతి గీసిందని నమ్మితే, దానివల్ల ఇల్లు పోగొట్టుకున్నవాడికి జవాబు చెప్పవలసిన మనిషి ఎవరూ మిగలడు. మనుషులే గీశారని ఒప్పుకుంటే, ఎవరు, ఎప్పుడు, దేనికోసం గీశారన్న లెక్క చూడక తప్పదు.

ముందుగా నేల ఏం చెబుతోందో చూద్దాం. గోర్లిట్స్ పాత పట్టణం పడమటి ఒడ్డున ఉంటే, దాని శివారు వీధులు, తోటలు, కొన్ని బ్యారక్‌లు తూర్పు ఒడ్డున ఉండేవి. పదిహేడో శతాబ్దపు తొలి రోజుల్లో ఐరోపా అంతటా చర్చకు వచ్చిన తాత్వికుడు, చెప్పులు కుట్టి బతికిన యాకోబ్ బ్యోమె గోర్లిట్స్ పౌరుడే. ఆయన కాపురమున్న ఇల్లు ఇవాళ పోలండ్‌లో ఉంది. గూబెన్‌లో పరిస్థితి తిరగబడింది: అక్కడ పాత పట్టణం, పెద్ద చర్చి తూర్పు ఒడ్డున, రైల్వే స్టేషన్, చాలా కర్మాగారాలు పడమటి ఒడ్డున. ముస్కావ్‌లో హెర్మన్ ఫాన్ ప్యూక్లర్ అనే ప్రభువు 1815లో మొదలుపెట్టి పెంచిన విశాలమైన ఉద్యానవనం నదిని నడిమి అలంకారంగా చేసుకుని రెండు ఒడ్లకూ పరుచుకుంది. ఉద్యానవనాన్ని గీసినవాడికి నది ఒక అంచుగా తోచలేదు, అందానికి ఆయువుపట్టుగా తోచింది. పాత పరిపాలనా హద్దులు కూడా ఇదే మాట చెబుతాయి. ఎగువ లుసాషియాకూ సైలీషియాకూ మధ్య పాత హద్దు నైసె కాదు, దానికి తూర్పున పారే క్విసా నది. అంటే నైసె రెండు ఒడ్లూ శతాబ్దాల పాటు ఒకే సీమ. 1815లో ప్రష్యా ఆ సీమలో ఈశాన్య భాగాన్ని కలుపుకున్నప్పుడు గోర్లిట్స్ సైలీషియా రాష్ట్రంలోకి వెళ్ళింది, జిటావ్ మాత్రం సాక్సనీలో మిగిలింది. ఆ పంపకంలో కూడా గీత నది వెంట పడలేదు, నదికి అడ్డంగా పడింది.

అయితే 1945లో గీత ఇక్కడికెలా వచ్చింది? దీనికి మూలం ఇక్కడ లేదు, పదిహేను వందల కిలోమీటర్లకు పైగా అవతల మాస్కోలో ఉంది. 1939లో తాను ఆక్రమించుకున్న తూర్పు పోలండ్‌ను వదులుకోవడానికి స్టాలిన్ సిద్ధంగా లేడు. అది దాదాపు 1,80,000 చదరపు కిలోమీటర్ల నేల. దానికి పరిహారంగా జర్మనీ నేలను పోలండ్‌కు ఇవ్వాలన్న ఆలోచన 1943 చివర్లో టెహ్రాన్ సమావేశంలో బల్లమీదికి వచ్చింది. చర్చిల్ మూడు అగ్గిపుల్లలు తీసి, పోలండ్ పడమటికి ఎలా జరుగుతుందో జరిపి చూపించాడు. అప్పుడు అక్కడ ప్రధానంగా వినిపించిన పేరు ఓడర్. ఓడర్ పెద్ద నది, దాని పేరు చెబితే ఎవరికీ సందేహం రాదు. కానీ ఓడర్ వెంట ఎగువకు, అంటే దక్షిణానికి వెళ్ళేకొద్దీ అది ఆగ్నేయంగా వంగి సైలీషియా నడిబొడ్డులోకి పోతుంది. అందుచేత ఎక్కడో ఒకచోట ఓడర్‌ను వదిలి, చెక్ కొండల దాకా దిగే ఉపనదిని పట్టుకోవాలి. అసలు చిక్కు అక్కడే వచ్చింది. అలాంటి ఉపనదులు రెండున్నాయి, రెండింటికీ ఒకే పేరు.

ఒకటి మనం చెప్పుకుంటున్న పడమటి నైసె. రెండోది క్లొడ్స్కో కొండల్లో పుట్టి, నిసా అనే పట్టణం పక్కగా పారి, బ్జెగ్ పట్టణానికి ఎగువన ఓడర్‌లో కలిసే తూర్పు నైసె. అది ఇంకా చిన్నది, 200 కిలోమీటర్ల లోపే. ఈ రెండు నదుల నడుమ ఉన్నది దిగువ సైలీషియా: లెగ్నీత్సా, యెలెనియా గూరా పట్టణాలు, వావుబ్జిఖ్ బొగ్గు గనులు, ఓడర్ ఎడమ ఒడ్డున బ్రెస్లావ్ నగరపు పాత కేంద్రం. యుద్ధానికి ముందు అక్కడ పాతిక లక్షలకు మించిన జనం ఉండేవారు. తూర్పు నైసెను గీతగా తీసుకుంటే ఇదంతా జర్మనీకి మిగులుతుంది. బ్రెస్లావ్ నగరం నడిమధ్య నుంచి అంతర్జాతీయ సరిహద్దు పోతుంది. పడమటి నైసెను తీసుకుంటే ఇదంతా పోలండ్‌కు వెళుతుంది. ఒక విశేషణం అటో ఇటో మారితే పాతిక లక్షల మంది ఇళ్ళు ఏ దేశంలో ఉంటాయో మారిపోతుందన్నమాట. ప్రకృతి ఈ రెండు నదుల్లో ఒకదానికి సరిహద్దు అని ముద్ర వేసి పెట్టలేదు. రెండూ నీళ్ళే, రెండూ దక్షిణ కొండల నుంచి ఉత్తరానికి పారేవే.

ఇక్కడ ఒక కథనం ప్రచారంలో ఉంది. అమెరికా, బ్రిటన్ నాయకులకు రెండు నైసెలున్నాయన్న సంగతే తెలియదని, స్టాలిన్ ఆ గందరగోళాన్ని వాడుకుని పడమటిదాన్ని రాయించుకున్నాడని అంటారు. వినడానికి రంజుగా ఉన్నా, నమోదైన చర్చలు దీన్ని ఒప్పుకోవు. 1945 ఫిబ్రవరిలో యాల్టాలో సోవియట్ విదేశాంగ మంత్రి మాలటోవ్ చదివిన సోవియట్ ప్రతిపాదనలోనే పడమటి నైసె అని స్పష్టంగా ఉంది. అక్కడే చర్చిల్ అభ్యంతరం చెప్పాడు, పోలండ్ అరాయించుకోలేనంత నేలను దానికి కట్టబెట్టవద్దన్నాడు. అందుకే యాల్టా ప్రకటన పోలండ్‌కు ఉత్తరాన, పడమట గణనీయమైన నేల దక్కుతుందని మాత్రం చెప్పి, ఎక్కడిదాకా అన్న సంగతి శాంతి సమావేశానికి వదిలేసింది. జూలై 17న పోట్స్‌డామ్‌లో సమావేశమైనప్పుడు రెండు నైసెల తేడా అందరికీ తెలుసు. తెలిసే వాదించుకున్నారు. తెలియక జరిగిన పొరపాటు అని చెప్పడం పెద్దమనుషులను కాపాడే మాట. వాళ్ళు తెలిసి బేరమాడారు, ఆ బాధ్యత వాళ్ళమీద ఉండాల్సిందే.

బేరం ఎలా నడిచిందో చూస్తే ఈ వాదనకు మరింత బలం వస్తుంది. పోట్స్‌డామ్ మొదలయ్యేసరికే నైసె దాకా నేల సోవియట్ సైన్యం చేతిలో ఉంది, దాని పాలన పోలిష్ అధికారులకు అప్పగించేశారు. జూన్ నెలలోనే పోలిష్ సైన్యం నది తూర్పు ఒడ్డునున్న ఊళ్ళను ఖాళీ చేయించి, జర్మన్ కుటుంబాలను చేతికందిన మూటలతో పడమటి ఒడ్డుకు నడిపించింది. మమ్మల్ని అడగకుండా పోలండ్‌కు ఒక ఆక్రమణ మండలం ఎలా ఇచ్చారని అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ నిలదీశాడు. అక్కడ జర్మన్లు మిగల్లేదు, పారిపోయారని స్టాలిన్ జవాబు. ఆ మాట నిజం కాదు, లక్షల మంది ఇంకా అక్కడే ఉన్నారు. జూలై ఆఖరుకు బ్రిటన్ ఎన్నికల ఫలితాలు వచ్చి చర్చిల్ స్థానంలో అట్లీ కూర్చున్నాడు. అమెరికా విదేశాంగ మంత్రి బర్న్స్ మొదట తూర్పు నైసె దాకా ఒప్పుకుంటామన్నాడు. మాలటోవ్ కాదన్నాడు. ఆ మర్నాడు బర్న్స్ పడమటి నైసెకు సరేనంటూనే దాన్ని జర్మనీ నుంచి వసూలు చేయాల్సిన యుద్ధ పరిహారం వాటాలతో ముడిపెట్టాడు. రెండూ కలిపి ఒకే మూటగా ఆమోదం పొందాయి. ఏ నది సరిహద్దు కావాలన్నది యంత్రాలు, బొగ్గు, పరిహారం శాతాల లెక్కతో కలిసి తేలింది. తాను ఉండి ఉంటే పడమటి నైసెకు ఒప్పుకునేవాణ్ణి కాదని చర్చిల్ తర్వాత తన గ్రంథంలో రాసుకున్నాడు. ఆ మాటకు పెద్ద విలువ ఇవ్వలేం. నేలమీద సైన్యమెవరిదో, పాలన ఎవరిదో జూలైకి ముందే తేలిపోయింది.

ఈ వాదనకు ఎదురు చెప్పేవాళ్ళ మొదటి మాట రక్షణకు సంబంధించినది, అది తేలిగ్గా తీసేయదగ్గది కాదు. యుద్ధానికి ముందు జర్మనీ పోలండ్‌ల సరిహద్దు తూర్పు ప్రష్యా చుట్టూ తిరిగి 1,900 కిలోమీటర్లకు పైన ఉండేది. ఓడర్, పడమటి నైసెల గీతతో అది 500 కిలోమీటర్ల లోపుకు తగ్గింది. బాల్టిక్ సముద్రానికీ చెక్ కొండలకూ మధ్య ఇంతకంటే పొట్టి గీత దొరకదు. తూర్పు నైసెను పట్టుకుంటే జర్మనీ నేల ఒక మేకులా పోలండ్‌కూ చెకోస్లొవాకియాకూ మధ్య దిగి ఉండేది. 1939 సెప్టెంబరులో మూడు వైపుల నుంచీ దాడి ఎదుర్కొని, ఆరేళ్ళలో దాదాపు 60 లక్షల మంది పౌరులను పోగొట్టుకున్న దేశం పొట్టి గీత కోరుకోవడంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆ భయం నిజమైనది, ఆ కోరిక న్యాయమైనది. కానీ గీత పొట్టిగా ఉండటం ఒక సంగతి, నది అడ్డుగోడ కావడం మరో సంగతి. మొదటిది నిజం, రెండోది కాదు. దానికి రుజువు కోసం ఎంతో దూరం వెళ్ళక్కర్లేదు. పోట్స్‌డామ్‌కు మూడు నెలల ముందు, 1945 ఏప్రిల్ 16 తెల్లవారుజామున, సోవియట్ మార్షల్ కోనెవ్ సైన్యాలు ఫోర్స్ట్, ముస్కావ్‌ల మధ్య పొగతెర చాటున ఇదే నైసెను దాటాయి. పడవలు, తేలే వంతెనలతో మొదటి దళాలు గంటలోపే అవతలి ఒడ్డు పట్టుకున్నాయి, పగటిపూటే ట్యాంకులు దాటాయి. రెండో పోలిష్ సైన్యం కూడా ఆ రోజే, కాస్త దక్షిణాన, ఇదే నదిని దాటింది. అవతల పటిష్ఠంగా సిద్ధమై కూర్చున్న జర్మన్ సైన్యాన్ని ఈ నీళ్ళు ఒక్క పూట కాపాడలేదు. ఆ తర్వాత పోలండ్‌ను కాపాడింది ఒప్పందాలు, కూటములు, అన్నిటికీ మించి మారిన జర్మనీ.

ఇంకో మాట చరిత్ర పేరు మీద వచ్చింది. పదో శతాబ్దంలో పియాస్ట్ రాజుల కాలంలో ఈ నేల పోలండ్‌దేనని, ఇప్పుడు తిరిగి దక్కిందని 1945 తర్వాత వార్సా ప్రభుత్వం ఊరూరా చెప్పింది. ఈ ప్రాంతాలకు తిరిగి దక్కిన భూములు అనే పేరు పెట్టింది, వాటికంటూ ఒక ప్రత్యేక మంత్రిత్వ శాఖనే నడిపింది. సైలీషియాలో పియాస్ట్ రాజవంశపు శాఖలు శతాబ్దాల పాటు పాలించాయన్నది కాదనలేని నిజం. అయితే ఆ సైలీషియా క్విసా నది దగ్గర ఆగిపోతుందని పైన చూశాం. క్విసాకూ నైసెకూ మధ్య ఉన్న నేల లుసాషియా. అక్కడ పియాస్టుల పాలన పదకొండో శతాబ్దపు మొదటి పాదంలో కొద్దికాలం సాగింది, అదీ నది దగ్గర ఆగలేదు, పడమటికి ఇంకా చాలా దూరం పోయింది. పోనీ స్లావ్ జాతి అనే కొలత తీసుకుందామా? లుసాషియాలో ఇవాళ్టికీ తమ భాష నిలుపుకున్న స్లావ్ జనం సోర్బులు. వాళ్ళ ఊళ్ళు నైసెకు పడమటనే, జర్మనీలో ఉన్నాయి. ఏ చారిత్రక కొలత పెట్టినా ఆ కొలత ఈ నది దగ్గర ఆగదు. కొంత ముందే ఆగిపోతుంది, లేదా దాటి పోతుంది. నైసె దగ్గర సరిగ్గా ఆగిన కొలత ఒక్కటే: 1945లో కుదిరిన బేరం.

ఇలా అన్నంత మాత్రాన ఆ గీతను చెరిపేయాలని అర్థం కాదు, ఈ మాట స్పష్టంగా చెప్పాలి. యుద్ధం మొదలుపెట్టింది నాజీ జర్మనీ. నైసె తూర్పు ఒడ్డుకు వచ్చి స్థిరపడ్డవాళ్ళలో చాలామంది తమ ఊళ్ళను బగ్ అవతల పోగొట్టుకుని, పశువుల రైలుపెట్టెల్లో వారాల తరబడి ప్రయాణం చేసి వచ్చిన పోలిష్ కుటుంబాలు. గోర్లిట్స్ తూర్పు భాగం జ్గొజెలెట్స్ అనే పేరుతో కొత్త పట్టణమయ్యాక, 1949లో గ్రీసు అంతర్యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన వేలమంది గ్రీకులకు కూడా అక్కడే ఆశ్రయం ఇచ్చారు. ఒకరి ఖాళీ ఇంట్లో మరో ఇల్లు పోయినవాళ్ళు దిగారు. వాళ్ళ పిల్లలు, మనవలు అక్కడే పుట్టారు. ఆ ఇళ్ళమీద హక్కు వాళ్ళదే. ఈ హక్కు వాళ్ళ బతుకుల నుంచి, ఒప్పందాల నుంచి వచ్చింది, నది ఇచ్చింది కాదు.

గీత పడ్డాక లోయకు ఏమైందో చూస్తే నది అంతకుముందు చేస్తున్న పని అర్థమవుతుంది. 1945 మే 7న, లొంగుబాటుకు ఒక్కరోజు ముందు, వెనక్కి పోతున్న జర్మన్ సైన్యం గోర్లిట్స్ వంతెనలను పేల్చేసింది. పాత పట్టణం వంతెన మళ్ళీ తెరుచుకున్నది 2004లో. ఫోర్స్ట్‌లో పొడవాటి పాత వంతెన స్తంభాలు ఇవాళ్టికీ నదిలో నిలబడి ఉన్నాయి, వాటిమీద వంతెన లేదు. అవతలి ఒడ్డునున్న ఆ ఊరి భాగం దాదాపు అడవిలో కలిసిపోయింది. జిటావ్‌కు ఉత్తరాన హిర్ష్‌ఫెల్డెలో విద్యుత్ కేంద్రం పడమటి ఒడ్డున జర్మనీకి మిగిలింది, దానికి బొగ్గు వచ్చే గని తూర్పు ఒడ్డున పోలండ్‌కు పోయింది. బొగ్గు లేని బాయిలరు, బాయిలరు లేని బొగ్గు ఎవరికి పనికొస్తాయి? చివరికి పోలండ్ గని నుంచే జర్మన్ బాయిలర్లకు బొగ్గు కొనుక్కోవాల్సి వచ్చింది. గూబెన్‌లో పుట్టిన విల్హెల్మ్ పీక్ తూర్పు జర్మనీకి అధ్యక్షుడయ్యాడు. ఆయన పుట్టింది ఆ పట్టణపు తూర్పు భాగంలో, అది గూబిన్ పేరుతో పోలండ్‌కు వెళ్ళిపోయింది.

వీటన్నిటిలోకీ నన్ను ఎక్కువసేపు ఆపేది ఓస్ట్రిట్స్ రైల్వే స్టేషన్. జిటావ్ నుంచి గోర్లిట్స్‌కు 1875లో వేసిన రైలుమార్గం నైసె లోయ వెంటే పోతుంది. లోయ ఒకటే కాబట్టి ఆనాటి ఇంజనీర్లు కొండవాలు ఎక్కడ అనుకూలిస్తే అక్కడ పట్టాలు వేశారు, ఇటు కొంత, అటు కొంత. 1945 తర్వాత ఆ మార్గంలో కొంత భాగం పోలండ్‌లో పడింది. ఓస్ట్రిట్స్ ఊరు జర్మనీలో, ఓస్ట్రిట్స్ స్టేషన్ పోలండ్‌లో. ఇప్పుడా స్టేషన్ పేరు క్షెవీనా. జర్మన్ పట్టణపు ప్రయాణికుడు ఇంట్లోంచి బయల్దేరి, నదిమీది కాలినడక వంతెన దాటి, వేరే దేశంలో నిలబడి, జర్మన్ రైలెక్కి, మళ్ళీ జర్మనీలోనే దిగుతాడు. ఒడ్డున ఇటు నలుపు, ఎరుపు, పసుపు చారల స్తంభం, అటు తెలుపు, ఎరుపు చారల స్తంభం ఒకదానికొకటి ఎదురుగా కనిపిస్తాయి. పట్టాలు మాత్రం ఆ స్తంభాలు పాతకముందు ఎలా వేశారో అలాగే ఉన్నాయి. నైసె లోయలోని రెండు ఒడ్లనూ ఒకే స్థలంగా చూసిన కాలానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏ దస్తావేజులోనూ ఉండదు.

కాగితం మీద ఈ గీత ప్రయాణం నలభై ఐదేళ్ళు. పోట్స్‌డామ్ ఒప్పందం ఈ నేలను పోలిష్ పాలన కింద మాత్రం ఉంచి, చివరి మాట శాంతి సమావేశానికి వదిలింది. ఆ సమావేశం జరగనే లేదు. సోవియట్ మండలంలోని జర్మన్ కమ్యూనిస్టు నాయకులు కూడా 1946లో ఈ గీతను ఒప్పుకోలేదు. మాస్కో ఒత్తిడితో గొంతు మార్చి, 1950 జూలై 6న జ్గొజెలెట్స్‌లో తూర్పు జర్మనీ ప్రధాని గ్రోటెవోల్, పోలండ్ ప్రధాని సిరాంకియెవిచ్‌లు ఈ గీతను ఒప్పుకుంటూ సంతకాలు పెట్టారు. పశ్చిమ జర్మనీ దాన్ని చెల్లని కాగితమంది. ఇరవై ఏళ్ళ తర్వాత, 1970 డిసెంబరు 7న, పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ వార్సాలో ఒప్పందం మీద సంతకం చేసి ఈ గీతను గౌరవిస్తామన్నాడు. యూదు వాడ స్మారకం ముందు ఆయన మోకరిల్లింది ఆ రోజే. సంశయాలన్నీ తీరింది రెండు జర్మనీలు కలిశాక, 1990 నవంబరు 14న కుదిరిన ఒప్పందంతో. అదీ సులువుగా రాలేదు. 1989 నవంబరులో పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ కోల్ ప్రకటించిన పది అంశాల ప్రణాళికలో ఈ సరిహద్దు ఊసే లేదు, వార్సాలో కలవరం పుట్టింది. నది నిజంగా సహజ సరిహద్దే అయితే అది ఉన్నదని ఒప్పుకోవడానికి ఇన్ని సంతకాలు, ఇన్ని దశాబ్దాలు ఎందుకు పట్టాయి?

గట్టి ఎదురువాదన ఒకటి మిగిలింది. ఎవరు గీసినా, ఎందుకు గీసినా, ఎనభై ఏళ్ళుగా ఈ గీత మీద యుద్ధం జరగలేదు. నది కంటికి కనిపిస్తుంది, దాన్ని రాత్రికి రాత్రి ఎవరూ జరపలేరు, పొలాల మధ్య గీత కంటే తగువు తక్కువ. కాబట్టి నదిని ఎంచుకోవడం మంచిదైంది కదా అంటారు. ఇందులో కొంత నిజముంది. గుర్తుగా నదికి పొలం గట్టుకు లేని స్పష్టత ఉంది, ఆ సౌకర్యాన్ని కాదనను. కానీ గుర్తుకూ కారణానికీ తేడా ఉంది. ఇదే నది మీద 1972లో తూర్పు జర్మనీ, పోలండ్‌లు వీసా లేకుండా రాకపోకలు అనుమతించాయి. లక్షల మంది దాటారు. 1980లో పోలండ్‌లో సాలిడారిటీ ఉద్యమం లేచాక తూర్పు బెర్లిన్ భయపడి ఆ తలుపు మూసింది. 1990లలో ఐరోపా సంఘంలోకి చేరాలని రాత్రిపూట ఈదుకుంటూ దాటబోయిన వలసదారులు కొందరు ఇందులో మునిగి చనిపోయారు. 2007 డిసెంబరు 21న షెన్‌గెన్ ఏర్పాటుతో పాస్‌పోర్టు తనిఖీలు ఎత్తేశారు. 2020 మార్చిలో కోవిడ్ పేరిట మళ్ళీ మూశారు, అటు ఇల్లు ఇటు ఉద్యోగం ఉన్నవాళ్ళు విలవిల్లాడారు. 2023 అక్టోబరులో జర్మనీ, 2025 జూలైలో పోలండ్ తమ తమ వైపున తనిఖీలు తిరిగి మొదలుపెట్టాయి. ఈ యాభై ఏళ్ళలోనూ నది వెడల్పు మారలేదు. మారినవి రెండు ప్రభుత్వాల నిర్ణయాలు. శాంతి ఖ్యాతి నదికిస్తే, ఆ మునిగిన మనుషుల పాపం కూడా నదికే ఇవ్వాలి. రెండూ దానికి చెందవు.

సరిహద్దుగా ఉండటమన్నది నది స్వభావంలోనే లేదని వరదలు, గనులు ఏటా గుర్తు చేస్తున్నాయి. నీరు పల్లమెరుగు, పటం ఎరగదు. 2010 ఆగస్టు 7న కుండపోత వానలకు పోలండ్ వైపు ఉపనది విట్కా మీదున్న నెడూఫ్ ఆనకట్ట తెగింది. ఆ నీరు గోర్లిట్స్, జ్గొజెలెట్స్ రెండింటినీ ముంచింది. ఓస్ట్రిట్స్ ఒడ్డున 1234లో కట్టిన మరియెన్‌టాల్ సన్యాసినుల మఠంలోకీ ఆ రోజుల్లో వరద చొరబడింది. తూర్పు ఒడ్డునున్న తురూఫ్ లిగ్నైట్ గని లోతుకు పోయేకొద్దీ అవతల చెక్ ఊళ్ళ బావుల్లో నీరు తగ్గుతోందని చెక్ ప్రభుత్వం 2021లో ఐరోపా న్యాయస్థానానికెక్కింది. గని ఆపమన్న ఆదేశాన్ని పోలండ్ పాటించనందుకు రోజుకు 5 లక్షల యూరోల జరిమానా పడింది. 2022 ఫిబ్రవరి 3న రెండు ప్రభుత్వాలూ రాజీపడ్డాయి, చెక్ దేశానికి 4.5 కోట్ల యూరోలు చెల్లించాలన్నది అందులో ఒక షరతు. ఒక లోయ నీటిని మూడు దేశాలు మూడు ముక్కలుగా చూసినందుకు కట్టిన ధర ఇది. ముస్కావ్ ఉద్యానవనం మాత్రం మరో దారి పట్టింది. రెండు దేశాలూ కలిసి దాన్ని బాగుచేసుకుని, పడిపోయిన వంతెనలను మళ్ళీ కట్టాయి. 2004లో యునెస్కో దాన్ని ఒకే స్థలంగా వారసత్వ జాబితాలో చేర్చింది. దానిలో దాదాపు మూడింట రెండు వంతులు పోలండ్‌లో, రాజభవనం జర్మనీలో.

నదే సూత్రమైతే ఆ సూత్రం గీత పొడవునా ఒకేలా వర్తించాలి. దక్షిణాన ఎక్కడో ఒక పిసరు తేడా ఉంటే సర్దుకోవచ్చు. కానీ ఉత్తరాన, ఓడర్ సముద్రానికి చేరువయ్యే చోట, గీతే నదిని వదిలేసింది. మెషెరిన్ అనే పల్లె దాకా పడమటి ఓడర్ వెంట నడిచిన సరిహద్దు అక్కడ ఉన్నట్టుండి ఒడ్డెక్కి పొలాల్లోకి పోతుంది. కారణం స్టెటిన్ రేవు. ఆ నగరం ప్రధాన భాగం ఓడర్ పడమటి ఒడ్డున ఉంది, నది లెక్కన జర్మనీకి మిగలాలి. సోవియట్ అధికారులు అక్కడ మొదట జర్మన్ పాలననే నిలబెట్టారు కూడా. 1945 జూలై 5న, పోట్స్‌డామ్ ఇంకా మొదలు కాకముందే, నగరం పోలిష్ మేయరు చేతికి వెళ్ళింది, నదీ సూత్రాన్ని ఎవరూ తలుచుకోలేదు. రెండు నెలల్లో మూడుసార్లు చేతులు మారిన ఆ రేవు కథ వచ్చే భాగంలో.